సోమవారం కడుపునొప్పి

సంక్రాంతి సెలవులు అయిపోయి బడి తెరిచిన సోమవారం. తెనాలిలో ఓ ఇంట్లో పొద్దున ఏడింటికి, మూడో తరగతి చదివే పిల్ల మంచం మీద ముడుచుకుని పడుకుంది. కడుపునొప్పి అంది. తల్లి నుదురు తాకి చూసింది, జ్వరం లేదు. అమ్మమ్మ వాము నలిపి, ఉప్పు కలిపి నోట్లో వేసింది. స్కూలు వ్యాను వచ్చి రెండుసార్లు హారన్ కొట్టి వెళ్లిపోయింది. తొమ్మిదిన్నరయ్యేసరికి ఆ పిల్లే వసారాలో కాళ్లూపుకుంటూ రెండో అరిసె తింటోంది.

వాదన ఆ అరిసె దగ్గరే మొదలైంది.

వాదించుకున్నవాళ్లు అక్కాతమ్ముళ్లు. అక్క, ఆ పిల్లకు అమ్మమ్మ, ప్రభుత్వ పాఠశాలల్లో 32 ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైంది. తమ్ముడు గుంటూరులో పిల్లల డాక్టరు. పండక్కి వచ్చి ఇంకా తిరిగి వెళ్లలేదు. బెత్తం పట్టిన చెయ్యి కరుకుగా, స్టెతస్కోపు పట్టిన చెయ్యి మెత్తగా ఉంటాయని ఎవరైనా అనుకుంటారు. ఆ పూట వసారాలో అంతా తలకిందులైంది.

"ఇది కడుపునొప్పి కాదక్కా, బడినొప్పి" అన్నాడు తమ్ముడు. "వ్యాను సందు తిరిగిన పావుగంటకు తగ్గిపోయింది, చూశావుగా. రోజూ నా దగ్గరికి ఇలాంటివాళ్లు వస్తూనే ఉంటారు. రక్తపరీక్ష, మూత్రపరీక్ష, స్కానింగు అన్నీ చేయించుకునే వస్తారు. స్కానింగులో చిన్న చిన్న లింఫ్ గ్రంథులు కనిపిస్తాయి. గంతులేసే పిల్లల్లోనూ అవి కనిపిస్తాయి. కానీ రిపోర్టులో ఆ మాట చదివాక అమ్మానాన్నలకు నిద్ర పట్టదు. ఇంట్లో అందరూ దాన్ని రోగిలా చూడటం మొదలుపెడతారు. ఇక పిల్లకు కూడా తనకేదో ఉందనే నమ్మకం కుదురుతుంది."

"అంటే నా మనవరాలు అబద్ధం ఆడుతోందంటావు."

"ఆడితే మాత్రం ఏమైంది? మనం ఆడలేదూ? చంకలో ఉల్లిపాయ పెట్టుకుంటే జ్వరం వస్తుందని నాకు నేర్పింది నువ్వే కదా!"

చంకలో ఉల్లిపాయ సంగతి తెలియని తెలుగు పిల్లలు తక్కువ. ఏ పుస్తకంలోనూ చదవకుండానే ఒక తరం నుంచి ఇంకో తరానికి అందిపోయింది. నిజానికి ఒంట్లో జ్వరం పుట్టించే శక్తి ఉల్లిపాయకు లేదు, చంక మాత్రం వాసనేస్తుంది. మన భాష కూడా ఈ విద్యను బాగానే గుర్తుపట్టింది. దొంగ ఏడుపు, దొంగ నిద్ర, దొంగ దగ్గు అంటాం. బడి ఎగ్గొట్టేవాణ్ని బడిదొంగ అంటాం. తలనొప్పి అన్న పిల్లాడికి బామ్మలు అమృతాంజనం రాసి దుప్పటి కప్పేవాళ్లు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన ఆ పసుపు మందు ఎన్ని నిజం తలనొప్పులు తగ్గించిందో, ఎన్ని బడి తలనొప్పులకు సాక్షిగా నిలిచిందో లెక్క తేల్చేవారెవరూ లేరు. ఆ ఘాటుకు కళ్లలో నీళ్లు తిరుగుతాయి. చూసేవాళ్లకు నొప్పి నిజమే అనిపించడానికి అంతకంటే ఏం కావాలి!

డాక్టరు తన వాదనను ఉయ్యాల దాకా తీసుకెళ్లాడు. ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త వాసుదేవి రెడ్డి పసిపిల్లలను వాళ్ల ఇళ్లలోనే గమనిస్తూ రాసిన సంగతులు ఆయనకు బాగా గుర్తున్నాయి. ఏడాది నిండని బిడ్డ కూడా ఏడుస్తూ ఏడుస్తూ కాస్త ఆగి, అమ్మ వస్తోందో లేదో చూసి, మళ్లీ అందుకుంటుంది. "చూశావా, మాటలు రాకముందే మొదలవుతుంది. ఎనిమిదేళ్లది చేయలేదంటే ఎలా నమ్మను?"

"బిడ్డ అలా ఎందుకు ఆగి చూస్తుంది? అమ్మ కావాలి కనుక. ఏడుపు దొంగదే కావచ్చు, ఆ కావడం దొంగది కాదుగా" అంది అక్క. "నువ్వు ఏడుపును మాత్రం పరీక్ష చేస్తున్నావు. ఆర్.కె. నారాయణ్ రాసిన స్వామి కథ ఒకటుంది, 'ఫాదర్స్ హెల్ప్'. దూరదర్శన్‌లో 'మాల్గుడి డేస్' వచ్చినప్పుడు మనమంతా చూశాం. సోమవారం పొద్దున స్వామికి తలనొప్పి. అమ్మ నమ్మింది. నాన్న నమ్మలేదు, బడికి నడవమన్నాడు. అప్పుడు స్వామి ఇంకో అబద్ధం ఎత్తుకున్నాడు, శామ్యూల్ మాస్టారు చావబాదుతాడని. నాన్న హెడ్మాస్టరుకు ఉత్తరం రాసి స్వామి చేతికే ఇచ్చి పంపాడు. ఇప్పుడా ఉత్తరాన్ని నిజం చేయాలి కనుక మాస్టారి చేత దెబ్బలు తినడానికి వాడు పడిన పాట్లు చూడు! ఒక్క తలనొప్పి ఎంత దూరం పోయింది! అమ్మ నమ్మింది, నాన్న నమ్మలేదు. సోమవారం అంటే నీకెందుకురా అంత దిగులు అని మాత్రం ఇద్దరూ అడగలేదు."

అడిగితే చెప్పేస్తారా అన్నాడు తమ్ముడు. చెప్పరంది అక్క. ఒక్కసారి అడిగితే చెప్పరు.

ఇక డాక్టరు అంకెల్లోకి దిగాడు. ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో జాన్ ఆప్లే అనే పిల్లల డాక్టరు ఉండేవాడు. నోరా నైష్‌తో కలిసి 1,000 మంది బడిపిల్లలను పరిశీలించి 1958లో ఆ ఫలితాలు ప్రచురించాడు. మూడు నెలలకు తగ్గకుండా, కనీసం మూడుసార్లు, ఆటపాటలు ఆపేసేంత కడుపునొప్పి వచ్చిన పిల్లలు అందులో 10.8 శాతం మంది. ఇలాంటి పిల్లల్లో ఎంత వెతికినా ఒంట్లో జబ్బు దొరికేది పదిమందిలో ఒకరికి కూడా కాదని ఆప్లే చెప్పాడు. ఇంకో గుర్తు కూడా ఆయనదే. నొప్పి బొడ్డుకు ఎంత దూరంగా ఉంటే లోపల జబ్బు ఉండే అవకాశం అంత ఎక్కువ. "ఇప్పటికీ నేను పిల్లలను మొదట అడిగేది అదే. ఎక్కడ నొప్పో ఒక్క వేలితో చూపించు నాన్నా అంటాను. చాలామంది వేలు పెట్టరు, అరచెయ్యంతా బొడ్డు మీద తిప్పుతారు."

"పదిమందిలో తొమ్మిదిమందికి జబ్బు లేదు, సరే. తొమ్మిదిమందికీ నొప్పి లేదన్నాడా మీ ఆప్లే?"

తమ్ముడు వెంటనే జవాబు చెప్పలేదు. అనలేదు మరి. నొప్పి ఉందనే అన్నాడు. వైద్యం ఇవాళ చెప్పేదీ అదే. పేగుల గోడల్లో పది కోట్లకు పైగా నాడీకణాలున్నాయి. మెదడుకూ పేగులకూ మధ్య రెండువైపులా కబుర్లు నడుస్తూనే ఉంటాయి. భయం వేస్తే పేగుల కదలిక మారుతుంది. మామూలు రోజు తెలియని గ్యాసు, మామూలు రోజు తెలియని బిగువు ఆ రోజు నొప్పిగా తెలుస్తాయి. తెలుగువాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. మన దిగులంతా కడుపులోనే ఉంటుంది. కడుపులో దేవినట్టుంది అంటాం, కడుపు తరుక్కుపోయింది అంటాం, కడుపుమంట అంటాం. పెద్దవాళ్లు భయాన్ని కడుపుతో చెబితే భాష అయింది. పిల్ల చెబితే నాటకం ఎలా అవుతుంది?

అక్క గెలిచినట్టే కనిపించింది. అయితే తమ్ముడి చేతిలో ఇంకో ముక్క ఉంది, అది గట్టిది.

అమెరికాలో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయానికి చెందిన లిన్ వాకర్ బృందం 2006లో ప్రచురించిన ప్రయోగం అది. తరచూ కడుపునొప్పి వచ్చే పిల్లలనూ, ఆరోగ్యంగా ఉన్న పిల్లలనూ తీసుకున్నారు. కడుపు నిండేదాకా నీళ్లు తాగించారు. అందరికీ కాస్త ఇబ్బందిగానే ఉంది. తల్లిదండ్రుల్లో కొందరిని నొప్పి గురించే మాట్లాడమన్నారు, అయ్యో పాపం అనమన్నారు. కొందరిని మాట మళ్లించమన్నారు. మిగిలినవాళ్లకు ఏమీ చెప్పలేదు. ఏమీ చెప్పనివాళ్ల పిల్లలతో పోలిస్తే, జాలిపడినవాళ్ల పిల్లలు దాదాపు రెట్టింపుసార్లు బాధ చెప్పుకున్నారు. మాట మళ్లించినవాళ్ల పిల్లల్లో అది సగానికి పడిపోయింది.

"అన్నిటికంటే నన్ను కదిలించింది చివరి సంగతక్కా. మాట మళ్లిస్తే పిల్లకు నష్టమేమో అని బెంగపడింది తల్లిదండ్రులే. పిల్లలకు మాత్రం మాట మళ్లించడమే హాయిగా ఉంది. ఇవాళ పొద్దుటి నుంచి నువ్వు 'తగ్గిందా అమ్మా, తగ్గిందా' అని ఎన్నిసార్లు అడిగావో లెక్కపెట్టాను. తొమ్మిదిసార్లు."

అక్క అరిసెల డబ్బా మూత పెట్టేసింది.

"సరే, తొమ్మిదిసార్లు అడిగాను. అలా అడగడం తప్పే, ఒప్పుకుంటున్నాను" అంది కాసేపటికి. "కానీ తగ్గిందా అని అడగడం వేరు, ఏం జరిగిందని అడగడం వేరు. నేను చివర్లో పనిచేసిన హైస్కూల్లో ఏడో తరగతి ఆడపిల్లలు కొందరు మధ్యాహ్నం అయ్యేసరికి కడుపునొప్పి అని డెస్కు మీద తల పెట్టేసేవాళ్లు. స్టాఫ్‌రూమ్‌లో అందరం వేషాలు అనుకున్నాం. నేనూ అనుకున్నాను. ఒకరోజు ఒక పిల్లను వరండాలో పక్కన కూర్చోబెట్టుకుని పేపర్లు దిద్దుతున్నాను. ఏమీ అడగలేదు. అరగంటకు అదే చెప్పింది. ఆడపిల్లల బాత్‌రూమ్ గడియ విరిగి నెలైందట. అటు వెళ్లాల్సొస్తుందని పొద్దున ఇంట్లోనే నీళ్లు మానేసి వస్తున్నారు. సాయంత్రం నాలుగున్నర దాకా ఒక్క చుక్క తాగరు, బాత్‌రూమ్‌కు వెళ్లరు. ఒక్క గడియ బిగిస్తే పోయే నొప్పిరా అది."

దీనికి తమ్ముడు అడ్డు చెప్పలేదు సరికదా తనే అందుకున్నాడు. పిల్లల్లో కడుపునొప్పికి తరచూ కనిపించే కారణాల్లో మలబద్ధకం ఒకటి. నీళ్లు తాగకపోవడం, బడిలో ఆపుకోవడం దానికి రాచబాట. అది నటన కాదు, జబ్బంటే తల్లిదండ్రులు ఊహించుకునే పెద్ద జబ్బూ కాదు. ఆ రెంటి మధ్య ఉండే ఇలాంటి కారణాలను ఇంట్లోవాళ్లూ వెతకరు, హడావుడిలో డాక్టర్లూ వెతకరు.

నీరసం సంగతీ అంతే. "వీడికి పని చెబితే నీరసం, ఫోనిస్తే హుషారు" అన్న మాట ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఆర్నెల్ల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో దేశమంతటా 67.1 శాతం మందికి రక్తహీనత ఉంది. తెలంగాణలో అది 70 శాతం. వాళ్లంతా ఆ తర్వాత బడికి వచ్చే పిల్లలే. బడిలో వారానికోసారి చిన్న తరగతులకు గులాబీ రంగు, పెద్ద తరగతులకు నీలం రంగు ఐరన్ మాత్రలు ఇచ్చేది ఇందుకే. రక్తం తక్కువున్న పిల్ల ఇష్టమైన ఆట కాసేపు ఆడగలదు, ఎక్కాలు వల్లించే ఓపిక మాత్రం ఉండదు. చూసేవాళ్లకు అది బద్ధకంలా కనిపిస్తుంది. సాయంత్రం పిక్కలు లాగేస్తున్నాయని ఏడ్చి తెల్లారేసరికి పరుగులు తీసే పిల్లలనూ అలాగే అపార్థం చేసుకుంటారు. రెండు కాళ్లలోనూ వచ్చిపోయే ఆ నొప్పులు నిజమైనవి, మెల్లగా ఒత్తితే పోతాయి.

ఇంతలో పిల్ల తల్లి బయటికి వచ్చింది. ఆఫీసుకు ఫోన్ చేసి సగం రోజు సెలవు అడిగి వచ్చింది.

"అమ్మా, మామయ్యా, మీ శాస్త్రాలు బాగానే ఉన్నాయి. దీని కడుపునొప్పికి నెలలో ఇది మూడో సెలవు. నాకు మిగిలినవి రెండు. మా పక్కింటావిడ, నాలుగు తగిలిస్తే ఏ నొప్పీ రాదంటోంది. ఇవాళ నాక్కూడా అలాగే అనిపించింది."

వసారాలో కాసేపు మాటల్లేవు. పిల్లల నటన మీద పెద్దల కోపానికి సగం కారణం ఇలాంటి సెలవుచీటీలే. ఈ అలసట గురించి మాట్లాడకుండా తల్లులకు ఓపిక పట్టమని చెప్పడం అన్యాయం.

దెబ్బల మాటకు అక్కే జవాబు చెప్పింది. విక్టోరియా తల్వార్, కాంగ్ లీ అనే పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనం ఆమెకు టీచర్ల శిక్షణలో పరిచయం. పశ్చిమ ఆఫ్రికాలో రెండు బడులు, మూడు నాలుగేళ్ల పిల్లలు. ఒక బడిలో కొట్టడం, గిచ్చడం మామూలు. రెండో బడిలో మందలింపే. వెనక బొమ్మ పెట్టి, తిరిగి చూడొద్దని చెప్పి బయటికి వెళ్లారు. రెండు బడుల్లోనూ ఎక్కువమంది తిరిగి చూశారు. మందలించే బడిలో చూసినవాళ్లలో సగానికి కాస్త ఎక్కువమంది చూడలేదని బొంకారు. కొట్టే బడిలో దాదాపు అందరూ బొంకారు. ఆ బొంకును తడబడకుండా నిలబెట్టుకోవడంలోనూ వాళ్లే ముందున్నారు. "కొడితే అబద్ధం పోదమ్మా, దానికి పదును వస్తుంది. 32 ఏళ్లలో నేను చూసిందీ అదే. మొదట్లో నేనూ కొట్టాను. ఆ పిల్లల మొహాలు ఇప్పటికీ గుర్తొస్తాయి."

"అలాగని వదిలేస్తామా?" తమ్ముడు తన పట్టు విడవలేదు. "నాన్నా పులి కథ మనమే కదా చెబుతాం! వాడు రెండుసార్లు ఉత్తినే అరిచాడు, మూడోసారి ఎవరూ రాలేదు."

"ఆ కథ పిల్లలకే చెబుతాం. పెద్దలెవరూ తమకని వినరు. మూడోసారి పులి నిజంగా వచ్చిందిరా. వాడు చిన్నపిల్లాడు. పొలంలో ఉన్న పెద్దలకు ఒక్కసారి వచ్చి చూడటానికి ఏమైంది?"

ఈ మాట ఆయన్ను ఎక్కడ తాకిందో వెంటనే తెలియలేదు. కాఫీ గ్లాసు కింద పెట్టి, చాలాసేపటికి చెప్పాడు. చాలా ఏళ్ల కిందటి మాట. ఏడో తరగతి పిల్లాడు, పరీక్షల ముందు నీరసం, కడుపునొప్పి. పరీక్షలొస్తే వీడికి మామూలే అంది తల్లి. ఆయనా తల ఊపాడు, బలానికి టానిక్ రాసి పంపాడు. నీళ్లు ఎక్కువ తాగుతున్నాడా, రాత్రి మూత్రానికి లేస్తున్నాడా, సన్నబడ్డాడా అని అడగలేదు. నాలుగో రోజు ఆ పిల్లాణ్ని ఆయాసంతో, మగతతో ఆసుపత్రికి మోసుకొచ్చారు. టైప్-1 మధుమేహం. ఒక్క వేలి పొడుపు, ఒక్క చుక్క రక్తం చాలు, మొదటి రోజే తెలిసేది. పిల్లాడు బతికాడు. "ఆ పూట మూడో కేక విననివాణ్ని నేనే అక్కా" అన్నాడు.

అక్క ఏమీ అనలేదు. ఆయన చెయ్యి మీద చెయ్యి వేసింది.

అయినా ఆయన వాదన మారలేదు. ఇంకా గట్టిపడింది, పదును మాత్రం వేరే చోటికి మళ్లింది. ఒకసారి నిండుగా చూడాలి. నిద్రలోంచి లేపే నొప్పి, బొడ్డుకు దూరంగా ఒకేచోట నిలిచే నొప్పి, ఆగని వాంతులు, మలంలో రక్తం, జ్వరం, బరువు తగ్గడం, ఎదుగుదల ఆగడం, ఒక్క కాలే కుంటడం, కీలు వాయడం, విపరీతమైన దాహం, వీటిలో ఏది కనిపించినా అది సోమవారం నొప్పి కాదు, అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఏవీ లేవని తేలితే బడికి పంపాలి. సగం పూటకైనా సరే. ఇంట్లో ఉన్న ప్రతి రోజూ మర్నాడు బడి గడప ఇంకాస్త ఎత్తవుతుంది. తప్పక ఇంట్లో ఉంచాల్సి వస్తే ఆ రోజు జబ్బురోజులాగే ఉండాలి. మంచం, మజ్జిగన్నం, విశ్రాంతి. టీవీ, ఫోను, అరిసె ఉండకూడదు.

"పంపు, కాదనను" అంది అక్క. "నొప్పి లేదని చెప్పి మాత్రం పంపకు. ఉందని ఒప్పుకుని పంపు. దాని మాట అబద్ధమని ముద్ర వేసి గడప దాటిస్తే, రేపు చెప్పుకోవాల్సిన కష్టం నిజంగా వచ్చినా అది నోరు విప్పదు. మన్ను తినలేదన్న కన్నయ్య మాట తేల్చడానికి యశోదైనా నోరు తెరిపించి చూసిందిరా."

డాక్టరు పిల్లను పిలిచాడు. "రావే అమ్మా, నోరు కాదు, నీ పొట్ట చూపించు తాతయ్యకి." మంచం మీద పడుకోబెట్టి, మోకాళ్లు మడవమని, ఒక్క వేలితో చూపించమన్నాడు. పిల్ల అరచెయ్యి బొడ్డు చుట్టూ తిప్పింది. ఆయన వేళ్లు మెల్లగా నొక్కుతూ ఎడమవైపు కింద ఆగాయి. అక్కడ గట్టిగా తగిలింది.

"బాత్‌రూమ్‌కి ఎప్పుడు వెళ్లావు?"

పిల్ల ఆలోచించింది. భోగి రోజు వెళ్లానంది. అమ్మమ్మ నాలుక కరుచుకుంది. నాలుగైదు రోజులుగా అరిసెలు, చక్కిలాలు, సున్నుండలే. పప్పూ కూరా ముట్టలేదు.

అలాగని వాదన తేలిపోలేదు. పండగ పిండివంటలు ఇవాళ్టి నొప్పికి కారణమైతే, పండక్కి ముందు వచ్చిన రెండు నొప్పుల సంగతేమిటి? అవి రెండూ కూడా సోమవారాలే అంది తల్లి. సోమవారం మొదటి పీరియడ్ ఏమిటని అడిగితే పిల్ల అరిసెల డబ్బా వైపు చూసింది తప్ప చెప్పలేదు. అక్క కూడా మళ్లీ అడగలేదు.

మధ్యాహ్నం బడికి అమ్మమ్మే దిగబెట్టి వచ్చేట్టు ఒప్పందం కుదిరింది. ఈలోగా పాత నోటుబుక్కు ఒకటి వెతికి, స్కేలు పెట్టి గళ్లు గీసింది. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ, ఏం తిన్నది, బాత్‌రూమ్‌కు వెళ్లిందా, ఆ రోజు బడిలో ఏమున్నాయి. రెండు వారాలు రాసి గుంటూరు పంపాలి. ఎవరు రాయాలన్న దగ్గర కూడా అక్కాతమ్ముళ్లకు కుదరలేదు. తల్లి రాయాలని ఆయన, కాదు పిల్లే రాయాలని ఆమె.

పిల్ల పెన్సిలు తీసుకుంది. నాలుక పెదవుల మధ్య పెట్టుకుని మొదటి గడి నింపింది. సోమవారం. 7 గంటలు. బొడ్డు దగ్గర. మూడో గడి దాటాక తలెత్తింది.

"తాతయ్యా, ఇప్పుడు కొంచెమే ఉంది. అది కూడా రాయాలా?"

"రాయి" అన్నాడాయన. "కొంచెం అని రాయి."